కాంటాక్ట్ ఫ్రేమ్ కొనాలా వద్దా: ముందు సాకెట్ చూడండి, తర్వాత వాట్లు లెక్కపెట్టండి

రెండేళ్లు వాడిన ఇంటెల్ 12700కె ప్రాసెసర్ మీద నుంచి మొన్న వేసవిలో కూలర్ విప్పాను. ప్రాసెసర్ లోహపు మూత రెండు చివర్లా, వేడిని కూలర్‌కు అందించే పేస్ట్ దాదాపు లేదు, నికెల్ పూత మెరుస్తోంది. నడుమ మాత్రం పేస్ట్ మందంగా, వెడల్పాటి పట్టీలా నిలిచిపోయింది. శుభ్రంగా తుడిచి, స్టీలు స్కేలు అంచును పొడవునా ఆనించి, వెనక ఫోను టార్చి వెలిగించాను. చివర్లలో చీకటి, మధ్యలో సన్నని వెలుగు గీత. మూత వంగిందన్నమాట. వేడి పుట్టించే సిలికాన్ ముక్క ఉండేది సరిగ్గా ఆ వెలుగు గీత కిందే.

కాంటాక్ట్ ఫ్రేమ్, అంటే ప్రాసెసర్‌ను పట్టి ఉంచే లాకుకు బదులుగా బిగించే లోహపు చట్రం, పుట్టింది ఆ వెలుగు గీతను మూయడానికి. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండే. మీ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో ఆ ఖాళీ ఏర్పడుతుందా? ఏర్పడితే దాని గుండా మీరు పంపే వేడి ఎంత? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా కొన్నవాళ్లు ఫ్రేమ్ బిగించాక ఉష్ణోగ్రత అంతే ఉందని నొచ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

వంపు ఎక్కడి నుంచి వచ్చింది

ఇంటెల్ 2021 నవంబరులో 12వ తరం ప్రాసెసర్లతో ఎల్‌జీఏ 1700 సాకెట్‌ను తెచ్చింది. అంతకు ముందున్న ఎల్‌జీఏ 1200 ప్రాసెసర్ చదరం, ఒక్కో వైపు 37.5 మిల్లీమీటర్లు. కొత్తది ఒక వైపు అంతే ఉండి, రెండో వైపు 45 మిల్లీమీటర్లకు సాగింది. దాన్ని సాకెట్‌లో పట్టి ఉంచే లాకు, ఇంటెల్ మాటల్లో ఐఎల్‌ఎం, మాత్రం పొడవు అంచుల నడిమధ్యన రెండు చోట్ల పట్టి కిందికి నొక్కుతుంది. నులక మంచం మధ్యలో మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే: నడుమ దిగుతుంది, చివర్లు లేస్తాయి. కూలర్ అడుగు భాగం ఆ లేచిన చివర్ల మీద ఆనుకుంటుంది. మధ్యలో మిగిలిన సందును పేస్ట్ నింపుతుంది. పేస్ట్ ఎంత మంచిదైనా రాగితో పోలిస్తే వేడిని పంపడంలో చాలా వెనకబడినదే. దాని పొర మందమయ్యేకొద్దీ వేడికి అడ్డు పెరుగుతుంది.

2022 మొదట్లో జర్మనీకి చెందిన హార్డ్‌వేర్ సమీక్షల సైటు ఇగోర్స్ ల్యాబ్ ఈ సంగతిని బయటపెట్టి, లాకు కింద నాలుగు ఎం4 వాషర్లు దూర్చి ఒత్తిడి తగ్గిస్తే 5 డిగ్రీల చుట్టుపక్కల వేడి తగ్గుతుందని చూపింది. అదే ఏడాది, డెర్‌బావర్ అనే పేరుతో ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్దేశిత వేగం దాటించి నడపడం) లోకానికి తెలిసిన రోమన్ హార్టుంగ్ ఆలోచనతో థర్మల్ గ్రిజ్లీ సంస్థ అల్యూమినియం ఫ్రేమ్‌ను అమ్మకానికి తెచ్చింది. లాకును పూర్తిగా తీసేసి దాని స్థానంలో దీన్ని బిగిస్తారు. రెండు చోట్ల పడే బరువు మూత చుట్టూ ఉన్న అంచు మీద పరుచుకుంటుంది. థర్మల్‌రైట్ అదే పని చేసే చవక ఫ్రేమ్‌ను తెచ్చాక అసలు సందడి మొదలైంది.

ఇంటెల్ ఏమంది? మూత కొద్దిగా వంగడం తాము ఊహించినదేనని, దానివల్ల ప్రాసెసర్ నిర్దేశిత పరిధి దాటి నడవదని, లాకును మారిస్తే వారంటీ పోవచ్చని 2022 ఏప్రిల్‌లో చెప్పింది. మొదటి రెండు మాటలూ నిజమే. వంపు ఉన్నా ప్రాసెసర్ పాడవదు, ఇచ్చిన వేగం ఇస్తూనే ఉంటుంది. కాకపోతే కొంచెం ఎక్కువ వేడిగా ఇస్తుంది. మూడో మాట సంగతి చివర్లో చెప్పుకుందాం.

వాట్ల లెక్క

'ఫ్రేమ్ పెడితే 5 డిగ్రీలు తగ్గుతుంది' అనే మాటలో సగమే ఉంది. ఎన్ని వాట్ల దగ్గర అనేది మిగతా సగం. సందులో ఉన్న పేస్ట్ పొర ఒక అడ్డు. దాని గుండా ఎంత వేడి పోతే అంత తేడా చూపుతుంది. 250 వాట్ల దగ్గర 5 డిగ్రీలు తగ్గిందంటే వాటుకు 0.02 డిగ్రీ. అదే లెక్కన 180 వాట్ల దగ్గర 3.6 డిగ్రీలు, 100 వాట్ల దగ్గర 2 డిగ్రీలు, 65 వాట్ల దగ్గర 1.3 డిగ్రీలు. ఇది స్థూలమైన లెక్కే, కానీ దారి చూపడానికి చాలు.

ఇప్పుడు మీ ప్రాసెసర్‌ను ఈ కొలబద్ద మీద పెట్టండి. ఇంటెల్ ప్రకటించిన గరిష్ఠ టర్బో శక్తి 12900కెకి 241 వాట్లు, 13900కె, 14900కెలకు 253 వాట్లు, 13600కెకి 181 వాట్లు, 12400కి 117 వాట్లు. ఇవి అన్ని కోర్లూ రెండరింగులోనో వీడియో ఎన్‌కోడింగులోనో మునిగినప్పటి అంకెలు. ఆటలు ఆడేటప్పుడు ఇందులో చాలా తక్కువే ఖర్చవుతుంది. 12400తో ఆటలాడే కుర్రవాడికి ఫ్రేమ్ తెచ్చే లాభం ఒక డిగ్రీ, మహా అయితే రెండు. గది కిటికీ తెరిచినా అంత తేడా వస్తుంది.

ఇంకో సంగతి. ఈ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించుకుంటాయి. 100కు కొట్టుకుని ఆగిపోతున్న 13900కెకి 5 డిగ్రీల వెసులుబాటు దొరికితే అది వేగంగా మారుతుంది, ఎన్‌కోడింగ్ కాస్త ముందుగా ముగుస్తుంది. 82 దగ్గర నడుస్తున్నది 78కి దిగితే వేగంలో ఏ మార్పూ ఉండదు. ఫ్యాను శబ్దం కొంచెం తగ్గవచ్చు. మనసుకు హాయి అనుకుంటే సరే, పనితీరు పెరుగుతుందనుకుంటే పొరపాటు.

డబ్బు పెట్టక ముందు చేయదగినవి

కొనేముందు బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి పవర్ లిమిట్లు (ప్రాసెసర్ వాడగల వాట్ల హద్దులు) ఎంత ఉన్నాయో చూడండి. ఎల్‌జీఏ 1700 బోర్డులు చాలావాటిలో తయారీదారులు ఆ గడిలో 4096 వాట్లు అని పెట్టి వదిలేశారు. అంటే హద్దు లేదని అర్థం. అలాంటి బోర్డు మీద ప్రాసెసర్ మండుతుంటే తప్పు మూత వంపుది కాదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. గది 30 డిగ్రీలు ఉంది, ప్రాసెసర్ 253 వాట్ల దగ్గర 95కి చేరుతోంది అనుకోండి. గది మీద 65 డిగ్రీలు ఎక్కింది, అంటే వాటుకు సుమారు 0.26 డిగ్రీ. లిమిట్‌ను 180 వాట్లకు దించితే అదే లెక్కన 76 దగ్గరకు రావాలి. పైసా ఖర్చు లేకుండా 19 డిగ్రీలు! దీనికి ప్రతిగా పోయే వేగం వాట్లు తగ్గినంత ఉండదు. గరిష్ఠ వేగం దగ్గర చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం ప్రాసెసర్ వోల్టేజీని బాగా పెంచుకుంటుంది, శక్తి ఖర్చు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. పైమెట్టు వదులుకుంటే ఎక్కువ మిగిలేది అందుకే.

అండర్‌వోల్టింగ్, అంటే ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని తగ్గించడం, ఇంకొంచెం ఓపిక అడుగుతుంది. పేరు చివర కె ఉన్న ప్రాసెసరు, జెడ్ అక్షరపు చిప్‌సెట్ ఉన్న బోర్డు ఉన్నవారికి తేలిక. మిగతావారికి బోర్డు ఒప్పుకున్నంత వరకే. 13, 14వ తరాలవారు మాత్రం అన్నిటికన్నా ముందు బయోస్ కొత్తది వేసుకోవాలి. అధిక వోల్టేజీ వల్ల ఆ తరాల ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారిన వ్యవహారంలో ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు ఇచ్చింది. ఆటలు మధ్యలో కూలిపోతుంటే ఫ్రేమ్ దానికి మందు కాదు.

ఇక మన ఊళ్ల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలోనో రామగుండంలోనో ఆ రోజుల్లో ఏసీ లేని గది 40 దాటుతుంది. 28 డిగ్రీల గదిలో తీసిన సమీక్షల అంకెలను చూసి తమ కంప్యూటర్‌లో ఏదో లోపం ఉందని కంగారుపడేవారు చాలామంది. గది 12 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే ఎక్కుతుంది. ఆ 12 డిగ్రీలను ఏ ఫ్రేమూ తగ్గించలేదు. క్యాబినెట్ ముందు జాలిలో పేరుకున్న దుమ్ము ఊదడం, వెనక గోడకు ఆనించి పెట్టిన డబ్బాను జానెడు ముందుకు జరపడం కొన్నిసార్లు ఫ్రేమ్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఎల్‌జీఏ 1700లో నాలుగు దారులు

ఉన్న లాకును అలాగే ఉంచడం మొదటిది. 65 వాట్ల తరగతి ప్రాసెసర్లకు, పవర్ లిమిట్ పెట్టుకుని నడిపేవారికి, వారంటీ మీద ప్రాణం పెట్టుకున్నవారికి నా ఓటు దీనికే.

వాషర్ల పద్ధతి రెండోది. హార్డ్‌వేర్ దుకాణంలో చిల్లర డబ్బులతో అయిపోతుంది. కానీ వాషర్లు ఒత్తిడిని మొత్తంగా తగ్గిస్తాయే తప్ప సమంగా పంచవు. నొక్కేది ఇప్పటికీ ఆ రెండు చోట్లే. మందం అటూ ఇటూ అయితే సాకెట్ పిన్నులకు ఒత్తిడి చాలక ఇబ్బంది వస్తుంది. పైగా జారిన లోహపు వాషర్ ఒకటి బోర్డు మీద పడి ఎటు దొర్లిందో వెతికే అవస్థ పగవాడికి కూడా వద్దు. ఫ్రేములు దొరకని రోజుల్లో ఇది తెలివైన ఉపాయం, ఇప్పుడు దీనికి అవసరం లేదు.

థర్మల్‌రైట్ ఫ్రేమ్ మూడోది. ఒక మంచి పేస్ట్ ట్యూబుకు పెట్టే ధర చుట్టుపక్కల దొరుకుతుంది. థర్మల్ గ్రిజ్లీది నాలుగోది, దానికి కొన్ని రెట్ల ధర. కోత నాణ్యత, అంచుల నునుపు గ్రిజ్లీలో బాగుంటాయి, చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. కానీ ఉష్ణోగ్రతలో? రెండూ బిగించి చూశాను. కనబడిన తేడా పేస్ట్ పూసే చేతివాటంలో వచ్చే తేడా కన్నా ఎక్కువ లేదు. ఇంట్లో కూర్చుని ఒకటి రెండు డిగ్రీలను నమ్మకంగా కొలవడం ఎవరి తరమూ కాదు. అందుకే కొనేవారికి థర్మల్‌రైట్‌నే చెబుతాను, మిగిలిన డబ్బు పేస్ట్‌కో క్యాబినెట్ ఫ్యానుకో పెట్టమంటాను. పేరూ ఊరూ లేని నకళ్ల జోలికి మాత్రం వద్దు. ఎత్తులో చిన్న తేడా ఉన్నా ఒక మూల పిన్నులకు ఆనదు.

ఒక హెచ్చరిక. లాకు కింద ఏళ్ల తరబడి ఉన్న మూత కొంత వంపును శాశ్వతంగా ఉంచేసుకుంటుంది. కొత్త ప్రాసెసర్‌కు మొదటి రోజే ఫ్రేమ్ పెడితే దొరికే ఫలితం మూడేళ్ల పాతదానికి పూర్తిగా దొరకదు. నా 12700కె విషయంలో వెలుగు గీత సన్నబడిందే కానీ మాయం కాలేదు. అయినా పూర్తి లోడులో నాలుగు డిగ్రీలు తగ్గింది. 190 వాట్ల ప్రాసెసర్‌కు లెక్క ప్రకారం రావలసినంతే వచ్చింది కాబట్టి ఫిర్యాదు చేయడానికేమీ లేదు.

కూలర్ అడుగు కూడా చూడాలి

చాలామంది వదిలేసే విషయం ఇది. కూలర్ తయారీదారులకు మూత వంపు సంగతి తెలియక కాదు. కొందరు తమ కూలర్ అడుగు భాగాన్ని కావాలనే కొద్దిగా ఉబ్బెత్తుగా చేస్తారు, వంగిన మూత గుంటలో అది సరిగ్గా కూర్చునేలా. 2024లో వచ్చిన నాక్టువా ఎన్‌హెచ్-డీ15 జీ2 దీనికి చక్కని ఉదాహరణ. ఒకే కూలర్‌ను మూడు రకాల అడుగులతో అమ్ముతున్నారు. సాధారణ రకం ఒకటి. హెచ్‌బీసీ అనే ఎక్కువ ఉబ్బు రకం, మామూలు లాకు ఉన్న ఎల్‌జీఏ 1700 కోసం. ఎల్‌బీసీ అనే తక్కువ ఉబ్బు రకం, ఏఎండీ ఏఎం5 ప్రాసెసర్ల కోసం, కాంటాక్ట్ ఫ్రేమ్ పెట్టుకున్నవారి కోసం. హెచ్‌బీసీ కొని దాని కింద ఫ్రేమ్ బిగిస్తే గుంటను పూడ్చేసి, గుంటలో దిగే గడ్డను దాని మీద పెట్టినట్టు అవుతుంది. రెండు మంచి వస్తువులు కలిసి చెడ్డ ఫలితం ఇస్తాయి.

ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 అనే లిక్విడ్ కూలర్ కొంటున్నవారు ఫ్రేమ్ విడిగా కొననక్కర్లేదు. ఎల్‌జీఏ 1700కూ, దాని తర్వాత వచ్చిన 1851కూ పెట్టెలోనే ఇస్తారు, దాన్ని బిగిస్తేనే కూలర్ కూర్చుంటుంది. ఇది తెలియక విడిగా ఒకటి తెప్పించి, పెట్టె తెరిచాక రెండు ఫ్రేములతో మిగిలిన మిత్రుడొకడు నాకున్నాడు.

1700 కాని సాకెట్లు

2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్లతో వచ్చిన ఎల్‌జీఏ 1851 కొలతలు 1700వే. ఈసారి ఇంటెల్ పాఠం నేర్చుకుంది. మామూలు లాకుతో పాటు ఒత్తిడి తగ్గించిన ఆర్‌ఎల్-ఐఎల్‌ఎం అనే రకాన్ని కూడా బోర్డు తయారీదారులకు ఇచ్చింది. ఖరీదైన బోర్డుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీ బోర్డు వివరాల్లో ఆ పేరు ఉంటే ఫ్రేమ్ ఆలోచన మానుకోండి. లేకపోతే, 265కె గానీ 285కె గానీ అయి రోజంతా భారీ పని చేయిస్తుంటే, 1700కు చెప్పిన లెక్కే దీనికీ వర్తిస్తుంది.

ఏఎండీ ఏఎం5 సాకెట్ కథ వేరు. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000తో వచ్చిన ఈ సాకెట్ ప్రాసెసర్ చదరం, ఒక్కో వైపు 40 మిల్లీమీటర్లు, మూత మందం. ఇది 1700లా వంగదు. రైజెన్ 7000 ఎక్స్ రకాలు పూర్తి లోడులో 95 డిగ్రీలు తాకడం వంపు వల్ల కాదు, వాటిని అలా నడిచేలాగే తయారు చేశారు. ఏఎం5కు అమ్మే ఫ్రేములు ఉన్నాయి. వాటి ఉపయోగం మూత అంచుల్లోని కోతల్లోకి పేస్ట్ కారకుండా ఆపడం. ఆ సందుల్లోంచి పేస్ట్‌ను చెవిపుల్లతో గీకి తీసినవారికి దాని విలువ తెలుస్తుంది. కానీ చల్లదనం కోసమని కొంటే డబ్బు దండగ. ఆ డబ్బుతో కూలర్‌ను కొంచెం కిందికి జరిపి బిగించే ఆఫ్‌సెట్ పట్టీలు తీసుకోవడం మేలు. ఏఎం5లో వేడి పుట్టే సిలికాన్ ముక్కలు (చిప్లెట్లు) మూత నడిమధ్యన ఉండవు, ఒక పక్కకు ఉంటాయి. కూలర్ కేంద్రాన్ని వాటి మీదకు జరిపితే 1 నుంచి 3 డిగ్రీలు తగ్గుతుందని నాక్టువా చెబుతోంది. బయోస్‌లో వాట్లకు హద్దు పెట్టే ఎకో మోడ్ అంతకన్నా ఎక్కువే తగ్గిస్తుంది, అదీ ఉచితంగా.

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4కు ఈ బాధలేవీ లేవు. అక్కడి గొడవ కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా ఊడి రావడం.

మరి ఎవరు కొనాలి

12700కె మొదలుకొని పైన ఉన్న 1700 ప్రాసెసర్‌తో కొత్త సిస్టమ్ కడుతుంటే, రెండరింగ్, కంపైలింగ్, వీడియో పని చేయిస్తుంటే, ఇప్పుడే పెట్టించండి. ఖర్చు స్వల్పం, కూలర్ ఎలాగూ ఇంకా ఎక్కలేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మరెక్కడో దుకాణంలో బిగించించుకునేవారు ఫ్రేమ్‌ను ముందే తెప్పించి చేతికివ్వాలి. కూలర్ ఎక్కిన తర్వాత గుర్తొస్తే మళ్లీ విప్పడానికి ఎవరూ ఉత్సాహం చూపరు.

పాత సిస్టమ్ అయితే ఫ్రేమ్ కోసమే కూలర్ విప్పవద్దు. పేస్ట్ మార్చే రోజు ఎప్పుడో వస్తుంది, ఆ రోజు పెట్టుకోండి. అప్పటిదాకా పవర్ లిమిట్ చూసుకుంటుంది. ఒక్క మినహాయింపు: మంచి కూలర్ ఉండి, లిమిట్ సరిగ్గా ఉండి, గది చల్లగా ఉండి కూడా 100 తాకుతుంటే విప్పి స్కేలు పరీక్ష చేయండి. ప్రాసెసర్ పెట్టెలో వచ్చిన చిన్న కూలర్ వాడుతూ ఫ్రేమ్ కోసం వెతుకుతున్నవారు ఆ డబ్బును మంచి టవర్ కూలర్ వైపు కలపాలి. ఇది చర్చించవలసిన విషయం కూడా కాదు.

బిగించేటప్పుడు

ఎల్‌జీఏ 1700 లాకును పట్టి ఉంచేవి నాలుగు టార్క్స్ టీ20 స్క్రూలు. బోర్డు వెనకున్న పలకను పట్టి ఉంచేవీ అవే. క్యాబినెట్ నిలబెట్టి ఉండగా నాలుగూ తీస్తే వెనక పలక ఊడి కింద పడుతుంది. డబ్బాను పడుకోబెట్టండి, లేదా వెనక ఒక చెయ్యి ఉంచండి. ప్రాసెసర్‌ను సాకెట్‌లోంచి తీయకండి. దాని కింద 1700 సన్నని పిన్నులున్నాయి, ఒకటి వంగినా బోర్డు మూలన పడుతుంది. లాకును నిటారుగా పైకి ఎత్తి తీసి, ఫ్రేమ్‌ను మూత చుట్టూ కదలకుండా కూర్చోబెట్టండి.

నేను రెండోసారి ఫ్రేమ్ బిగించినప్పుడు అనుభవం వచ్చేసిందన్న ధీమాతో ఒక మూల స్క్రూను చివరిదాకా బిగించి, తర్వాత మిగతావి బిగించాను. సిస్టమ్ వెలిగింది. 32 జీబీ ర్యామ్‌కు బయోస్‌లో 16 మాత్రమే కనబడింది. ర్యామ్ కర్రలు మార్చాను, స్లాట్లు మార్చాను, గంటన్నర గడిచాక గానీ తప్పు ఫ్రేమ్‌దని తట్టలేదు. మెమరీకి వెళ్లే దారులు ఆ సాకెట్ పిన్నుల గుండానే పోతాయి. ఒక పక్క ఒత్తిడి ఎక్కువై ఇంకో పక్క తగ్గితే ముందు మాయమయ్యేది ఒక మెమరీ ఛానలే. నాలుగూ వదులు చేసి మళ్లీ బిగిస్తే 32 కనబడింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఎల్ ఆకారపు రెంచిని రెండు వేళ్లతో పట్టుకుని, స్క్రూ ఆనేవరకు నాలుగింటినీ తిప్పుతాను. తర్వాత ఎదురెదురు మూలలుగా, ఒక్కొక్కటి కొంచెం కొంచెం, మొత్తం మీద పావు చుట్టు. ఫ్రేమ్‌తో వచ్చిన కాగితంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. మణికట్టు బలం వాడవలసి వచ్చిందంటే ఎక్కడో ఎక్కువైందని అర్థం. కూలర్ ఎక్కించాక మొదట బయోస్‌లో ర్యామ్ మొత్తం, రెండు ఛానళ్లూ కనబడుతున్నాయో చూడండి. విండోస్‌లోకి వెళ్లి ఉష్ణోగ్రత చూసే ఆత్రుత ఆ తర్వాత.

ఇక వారంటీ. లాకు మార్చితే వారంటీ పోవచ్చన్న ఇంటెల్ మాట 13, 14వ తరాలవారికి మరింత బరువైనది. అస్థిరత వ్యవహారం తర్వాత ఆ తరాల్లోని ప్రభావిత మోడళ్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ అవకాశాన్ని నాలుగు డిగ్రీల కోసం చిక్కుల్లో పెట్టడం ఇష్టం లేకపోతే పవర్ లిమిట్‌తో సరిపెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు. పెట్టుకునేవారు, విప్పిన లాకునూ దాని నాలుగు స్క్రూలనూ ఒక జిప్ కవర్‌లో వేసి మదర్‌బోర్డు అట్టపెట్టెలో దాచండి. సాకెట్ మీద ఉండే నల్లని ప్లాస్టిక్ మూత కూడా అందులోనే. బోర్డును ఎప్పుడైనా సర్వీసుకు పంపవలసి వస్తే ముందు అడిగేది ఆ ప్లాస్టిక్ మూతే.